కాలర్ ట్యూన్‌కి నెలకి 30 రూపాయలు ఎందుకు కట్టాం?

నా నంబరుకి ఎవరైనా ఫోన్ చేసినప్పుడు మోగే పాట నాకు వినపడదు. ఎంచుకునేది నేను, డబ్బు కట్టేది నేను, వినేది మాత్రం అవతలివాళ్లు. 2004 తర్వాత ఓ పదేళ్లపాటు మనవాళ్లు లక్షలమంది ఈ బేరానికి ఇష్టపడే ఒప్పుకున్నారు. నెలకి 30 రూపాయల అద్దె, పాట మార్చినప్పుడల్లా పైన ఇంకొంత. అదే జనాన్ని అదే రోజుల్లో ఒక ఆడియో సీడీ కొనమంటే, "నెట్‌లో ఊరికే దొరుకుతుంటే డబ్బులెందుకు తగలెయ్యడం" అనేవాళ్లు.

డిజిటల్ పాటలకి జనం ఎందుకు అలవాటుపడ్డారని అడిగితే మామూలుగా రెండు జవాబులొస్తాయి. ఊరికే వస్తాయి, సులువుగా ఉంటాయి. రెండింట్లోనూ నిజముంది. కాకపోతే వాటితో ఈ కాలర్ ట్యూన్ లెక్క తేలదు. ఊరికే వస్తేనే వింటామనేవాళ్లు తమ చెవిన పడని పాటకి నెలనెలా బ్యాలెన్స్ ఎందుకు కోయించుకున్నట్టు? నాకు తోచేదేమిటంటే, మనం డిజిటల్ పాట వెంటపడింది వినడం కోసం కన్నా ఇంకొకరికి ఇవ్వడం కోసం, వినిపించడం కోసం. వినడానికైతే రేడియో ఎప్పటినుంచో ఉంది, అదీ ఊరికే. రేడియోలో వచ్చిన పాటని తీసి స్నేహితుడి చేతిలో పెట్టలేం కదా.

మా పెద్దబావ గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తాడు. పాటలు వినే మనిషి కాదు, కారులో కూడా వార్తలే. కానీ కాలర్ ట్యూన్ దగ్గర మహా పట్టింపు. కార్తీకం మొదలవగానే అయ్యప్ప పాట, సంక్రాంతి దాటాక ఘంటసాల పద్యం. ఓసారి ఫోన్ కంపెనీవాళ్లు ఏదో ఆఫర్ పేరుతో ఆయనకి చెప్పకుండా ఓ ఐటెం సాంగ్ తగిలించారు. సరుకు తెచ్చిన ఓ పెద్దాయన "ఏం బాబూ, మాంచి హుషారు మీదున్నట్టున్నావే" అన్నాడట. ఆ పూట కస్టమర్ కేర్ వాళ్లకి చెవుల తుప్పు వదిలింది. నిజానికి ఆయనకి ఆ పాటలోని సంగీతంతో పెద్దగా పనిలేదు. తను ఎలాంటివాడో అవతలి రైతుకి హలో అనేలోపే తెలియాలి. భక్తి ఉన్నవాడు, పెద్దలంటే మర్యాద ఉన్నవాడు, డబ్బు ఎగ్గొట్టేరకం కాదు. ఆ మాట రోజుకి అన్నిసార్లు ఆయన తరఫున చెప్పిపెట్టడానికి 30 రూపాయలు చవకే.

ఇందులోనే ఇంకో సదుపాయం ఉండేది. అవతలివాళ్ల పాట నచ్చితే, వాళ్లు ఫోన్ ఎత్తేలోపు స్టార్ నొక్కాలి. ఆ పాట మన నంబరుకి వచ్చేస్తుంది. ప్రచారానికి పైసా ఖర్చు లేకుండా పాటలు ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి పాకిపోయేవి. ఈ ఏర్పాటు చేసిన మనిషి ఎవరోగానీ జనం నాడి పట్టుకున్నవాడు. 2020 మార్చిలో ఫోన్ చేస్తే కరోనా దగ్గు వినపడడం మొదలయ్యేసరికి ఆ మోజు ఎలాగూ తగ్గిపోయిందనుకోండి.

పాటలు పంచుకోవాలన్న కోరిక డిజిటల్‌తో పుట్టింది కాదు. క్యాసెట్ల కాలంలో ప్రతి టౌన్‌లోనూ ఓ రికార్డింగ్ షాపు ఉండేది. తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి వస్తే కొన్నాళ్లకి ఎక్కించి ఇచ్చేవాడు. అరవై నిమిషాలది కొనాలా, తొంభై నిమిషాలదా అన్నది పెద్ద చర్చ. తొంభైదాంట్లో పాటలు ఎక్కువే పడతాయి, కానీ టేపు పలచన, ఎప్పుడో ఒకప్పుడు ప్లేయర్ నమిలేస్తుంది. ఆ లిస్టులు చాలావరకు రాసేవాడి కోసం కాదు. అత్తారింటికి వెళ్తున్న అక్కకి, గల్ఫ్‌కి వెళ్తున్న అన్నకి, పైకి చెప్పలేని ఇంకెవరికో. అయితే క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కిస్తే గొంతు మందగించేది. ఆ కాపీకి ఇంకో కాపీ తీస్తే పాట కన్నా బుస్సుమనే చప్పుడే ఎక్కువ. అరువిచ్చిన క్యాసెట్ వెనక్కి రావడం కూడా మన అదృష్టాన్ని బట్టే. పరహస్తం గతం గతః అన్నది పుస్తకాలకే పరిమితం కాలేదు. అందుకే ఇష్టమైన క్యాసెట్లు ఉన్నవాళ్లు వాటిని బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాళ్లు.

ఎంపీత్రీ వచ్చి ఈ భయం తీర్చేసింది. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటి ఇంజనీర్లు ఏళ్లతరబడి కుస్తీపట్టి దీన్ని తయారుచేశారు. పెద్ద చప్పుడు పక్కనున్న చిన్న చప్పుడు మన చెవికి ఆనదు కాబట్టి దాన్ని ఫైలులో మోయనక్కర్లేదన్నది కిటుకు. ఫైలు పేరు చివర ఎంపీత్రీ అన్న తోక 1995లో ఖాయమైంది. ఆడియో సీడీలో పాటకి సెకనుకి 1,411 కిలోబిట్లు పడితే, మనమంతా వాడిన ఎంపీత్రీకి 128 చాలు, అంటే పదకొండో వంతు. 80 నిమిషాలు పట్టే సీడీలో పన్నెండు గంటల పాటలు పట్టేశాయి. కోఠి ఫుట్‌పాత్ మీద ఒకే హీరో నూటయాభై పాటలు ఒక్క సీడీలో అమ్మింది ఈ లెక్క చూసుకునే.

సైజు తగ్గడం గురించే అందరూ రాస్తారు. నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. ఎంపీత్రీ ఫైలుకి కాపీ తీస్తే అది అసలు ఫైలుతో అక్షరాలా సమానం. వందో కాపీ కూడా మొదటి కాపీలాగే పాడుతుంది. ఇచ్చినవాడికి పోయేదేమీ లేదు, పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వనక్కర్లేదు. అంతకుముందు పాట ఇవ్వడమంటే ఎంతో కొంత త్యాగం. ఒక్కసారిగా అది ఖర్చులేని ఔదార్యం అయిపోయింది. ఖర్చులేని ఔదార్యానికి మనుషులు ఎంత త్వరగా అలవాటుపడతారో పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లని చూస్తే తెలుస్తుంది.

అమెరికాలో 1999 జూన్‌లో షాన్ ఫానింగ్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు మొదలుపెట్టిన, ఒకరి కంప్యూటర్లోని పాటలు ఇంకొకరు నెట్‌లో దించుకునే నాప్‌స్టర్ కథ అందరికీ తెలిసిందే. రికార్డు కంపెనీలు కోర్టుకెళ్లి 2001 జులైకల్లా మూయించాయి. అందులో ఒక చిన్న ఏర్పాటు మాత్రం గుర్తుచేసుకోవాలి. మీకు పాట ఇస్తున్న మనిషి దగ్గర ఇంకా ఏమేం పాటలున్నాయో ఆ లిస్టంతా చూడొచ్చు. ముక్కూమొహం తెలియని మనిషి అల్మారా తెరిచి చూసినట్టే. ఒక పాట కోసం వెళ్లినవాళ్లు అక్కడే గంటలు గడిపేవాళ్లు. 2003లో యాపిల్ ఒక్కో పాటా 99 సెంట్లకి అమ్మడం మొదలుపెట్టింది. ఆ దుకాణం మన దేశానికి వచ్చేసరికి 2012 డిసెంబరు. అప్పటికే మన బస్టాండు షాపులవాళ్లు దేశం మొత్తానికీ పాటలు ఎక్కించేశారు.

నరసరావుపేట బస్టాండు పక్కన అలాంటి షాపు ఒకటి నాకు బాగా తెలుసు. మూరెడు వెడల్పు గ్లాస్ కౌంటర్, దాని కింద చార్జర్లు, ఫోన్ కవర్లు, వెనకాల మూత ఊడిన సీపీయూ, దానికి వేలాడుతూ కార్డ్ రీడర్. బయట అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో "ఇచట పాటలు, వీడియోలు ఎక్కించబడును". వచ్చినవాడు ఫోన్ వెనక మూత తీసి, బ్యాటరీ ఊడదీసి, గోరంత చిప్పు బయటికి తీసి కౌంటర్ మీద పెడతాడు. "ఎన్ని జీబీ?" "రెండు." "పాతవా, కొత్తవా?" సంభాషణ ఇంతే. కంప్యూటర్లో ఫోల్డర్లు హీరోల పేర్లతో ఉండేవి, సంగీత దర్శకుల పేర్లతో ఎప్పుడూ కాదు. వాటి పక్కన డివోషనల్, ఫోక్, డీజే, ఓల్డ్ హిట్స్, ఒకదాంట్లో "మిక్స్‌డ్ న్యూ" అని ఇంకోటి. పావుగంటలో నాలుగొందల పాటలు ఎక్కేవి.

ఓసారి నేను అక్కడుండగా పత్తి లోడుతో వెళ్తున్న లారీ డ్రైవర్ ఒకాయన వచ్చాడు. "రాత్రికి నిద్ర రాకూడదు, అలాంటివి వెయ్యి. మధ్యలో రెండు మూడు దేవుడి పాటలుండాలి, తెల్లారుజామున వింటా" అన్నాడు. షాపతను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా మూడు ఫోల్డర్లలోంచి ఏరి ఎక్కించాడు. ఈరోజు స్ట్రీమింగ్ యాప్‌లు కోట్లు పెట్టి చేయించుకుంటున్న పని ఇదే, మనిషి ముఖం చూసి పాట చెప్పడం. పాటలన్నీ ఊరికే దిగినవేనని డ్రైవర్‌కీ తెలుసు. ఆయన డబ్బిచ్చింది ఆ ఎంపికకి.

ఇప్పుడు ఆ సులువు సంగతి చూద్దాం. వాడకం తేలికైతేనే జనం కొత్త సాంకేతికతని అందుకుంటారని మార్కెటింగ్ పాఠాల్లో చెప్తారు. బ్యాటరీ ఊడదీసి, చిప్పు పోకుండా అరచేతిలో పట్టుకుని, పల్లె నుంచి టౌనుకి బస్సెక్కి వచ్చి పాటలు ఎక్కించుకోవడంలో సులువేముంది? కష్టపడే ఎక్కించుకున్నారు. ఇంటికెళ్లాక ఆ చిప్పు ఒక్కరి ఫోన్లో ఉండేది కాదు మరి. షాపు ముందరి అరుగు మీదే ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లు ఆనించిపెట్టి బ్లూటూత్‌లో పంపుకుంటూ కనిపించేవాళ్లు. బ్లూటూత్ పేర్లు కూడా చూడాలి, రెబల్ రాజా అని ఒకడు, నో ఎంట్రీ అని ఇంకొకడు. ఒక్కో పాటా వెళ్లడానికి నిమిషం పట్టేది. ఆ నిమిషంలో ఇద్దరూ కదలకుండా కూర్చోవాలి, కబుర్లు చెప్పుకోవాలి. కంప్యూటర్ ముట్టుకోని ఊళ్లకి డిజిటల్ సంగీతం చేరింది ఇలా, మనిషి పక్కన మనిషి కూర్చుని. పాట ప్లే చేస్తే తెర మీద గాయని పేరు ఉండాల్సిన చోట ఏదో పైరసీ సైటు పేరు కనపడేది. ఆ తరం పిల్లల్లో చాలామందికి పాట రాసిందెవరో, పాడిందెవరో తెలియకపోవడానికి అదొక కారణం. ఇది మాత్రం నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం.

అందరూ వింటున్నారు కాబట్టి మనమూ వింటాం అన్నది కొత్త మాటేం కాదు. దాని బలం ఎంతో కొలిచి చూపించిన ప్రయోగం ఒకటుంది. దాని ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ సాల్గనిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ ఒక వెబ్‌సైట్ పెట్టి, ఎవరికీ పెద్దగా తెలియని బ్యాండ్ల పాటలు 48 అందులో ఉంచారు. పద్నాలుగు వేలమందికి పైగా వచ్చి విన్నారు, నచ్చినవి డౌన్‌లోడ్ చేసుకున్నారు. కొందరికి పాటల పేర్లు మాత్రమే చూపించారు. మిగతావాళ్లని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటని ఎంతమంది దించుకున్నారో కూడా చూపించారు. అంకెలు కనపడిన చోట హిట్లు మరీ పెద్ద హిట్లయ్యాయి, ఫ్లాపులు మరీ పెద్ద ఫ్లాపులయ్యాయి. అంతకన్నా విచిత్రం, ఒక గుంపులో పైకొచ్చిన పాట ఇంకో గుంపులో అడుగున పడింది. మరీ మంచి పాట పూర్తిగా మునిగిపోవడం, మరీ చెత్త పాట నెత్తినెక్కడం మాత్రం అరుదు. మధ్యలో ఉన్నవాటి తలరాత ఎవరు ముందు నొక్కారన్నదాని మీదే నడిచింది.

దీన్ని మన సినిమా కంపెనీలు ఏ ప్రయోగమూ చదవకుండానే కనిపెట్టేశాయి. లిరికల్ వీడియో వదిలిన మర్నాడు పోస్టరు పడుతుంది, ఇరవైనాలుగు గంటల్లో ఇన్ని వ్యూలు, ఇన్ని లైకులని. పాట ఎలా ఉందన్న మాట ఆ పోస్టర్లో ఉండదు. మా పిన్ని కొడుకు ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు, అభిమాన హీరో పాట విడుదలైన రాత్రి గదిలో ఉన్న ఫోన్లన్నిటిలోనూ దాన్నే తిప్పుతూ పడుకున్నారట. సౌండ్ మ్యూట్‌లో పెట్టి. పక్కగదివాళ్లు గోల చేస్తున్నారని. అంటే పాట నడుస్తోంది, ఎవరూ వినడం లేదు, అందరూ షేర్ చేస్తున్నారు. కాలర్ ట్యూన్‌కి మించిన ఉదాహరణ కోసం చూస్తుంటే వీడు దొరికాడు. డబ్బు పెట్టి ప్రకటనల రూపంలో కొన్న వ్యూలని తమ మ్యూజిక్ చార్టుల్లో లెక్కవెయ్యబోమని యూట్యూబ్ 2019లో ప్రకటించాల్సి వచ్చిందంటే ఈ అంకెల పిచ్చి ఎంత దూరం పోయిందో చూడండి.

అలాగని పంచుకోవడమంతా అంకెల ఆటేనని కొట్టిపారేయలేను. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఐపీఎల్ జట్టులో ఆడే ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్, భార్యాపిల్లలతో కలిసి తమన్ స్వరపరిచిన 'బుట్టబొమ్మ'కి టిక్‌టాక్‌లో స్టెప్పులేశాడు. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి. ఆ వీడియోని నాకు పంపినవాళ్లలో సినిమా పాటలంటే మొహం చిట్లించే మా మాస్టారు కూడా ఉన్నారు. పాట బాగుందనో, డాన్సు బాగుందనో కాదు, "మన పాట, వాడు చేశాడు చూడు" అన్న సంబరం పంచుకోవాలి.

ఎవరూ వ్యాపారం చెయ్యని చోట ఈ సంగతి ఇంకా తేటగా కనపడుతుంది. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని, లలిత సంగీతం విని పెరిగినవాళ్లకి తెలుసు, బాలాంత్రపు రజనీకాంతరావు గారి హయాం నుంచి అక్కడ తయారైన పాటలు ఎన్నో ఏ షాపులోనూ దొరికేవి కావు. పొద్దున్నే రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి, ఇంట్లో ఎవరూ దగ్గకుండా కాపలా కాసి రికార్డు చేసుకున్నవాళ్లు చేసుకున్నారు. ముప్పయ్యేళ్ల తర్వాత వాళ్లే, లేదా వాళ్ల పిల్లలు, ఆ క్యాసెట్లని కంప్యూటర్‌కి తగిలించి ఎంపీత్రీలు చేసి నెట్‌లో పెట్టారు. కొన్నింట్లో పాట చివర ప్రెషర్ కుక్కర్ కూత కూడా ఉంటుంది. చట్టం ప్రకారం చూస్తే వీళ్లు చేసింది తప్పే కావచ్చు. వీళ్లు చెయ్యకపోతే ఆ పాటల్లో సగం ఈపాటికి బూజుపట్టిన టేపుల్లోనే అంతమయ్యేవి. పైసా లాభం లేదు, పేరు కూడా రాదు. గంటలకొద్దీ కూర్చుని ఎందుకు చేశారంటే, తమ దగ్గరున్న పాట ఇంకొకరి దగ్గర కూడా ఉండాలని. ఇంతకు మించిన కారణం నాకు కనపడలేదు.

ఇదే జబ్బు ముదిరితే స్మ్యూల్ అనే పాటలు పాడే యాప్ అవుతుంది. బ్యాంకులో రిటైరైన మా బాబాయి రోజూ సాయంత్రం హెడ్‌ఫోన్ పెట్టుకుని, మొహం ఎప్పుడూ చూడని ఆవిడెవరితోనో యుగళగీతం పాడతాడు. సగం ఆవిడ న్యూజెర్సీలో పాడి పెడితే, మిగతా సగం ఈయన తెనాలిలో పూరిస్తాడు. పాడి ఊరుకుంటే బాగుండేది. రాత్రి తొమ్మిదింటికి లింకు మా ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చి పడుతుంది. "సూపర్ బాబాయ్" అని పెట్టేదాకా రెండో గుర్తుచెయ్యడం, మూడో గుర్తుచెయ్యడం. మా పిన్ని మాత్రం ఇంతవరకు ఒక్క లింకూ తెరవలేదు, "ఇంట్లో లైవ్ వింటున్నా కదా" అంటుంది. నవ్వుకున్నా, అరవై దాటినాయన కొత్త యాప్ నేర్చుకుని, మైకు కొనుక్కుని, నెలనెలా చందా కట్టడం వెనకున్నది ఆ లింకు పంపే క్షణమే. ఒంటరిగా పాడుకోవడానికి బాత్రూమ్ ఎప్పుడూ ఉంది.

పంచుకోవడాన్ని ఇంత మెచ్చుకుంటున్నాను కదా, నష్టపోయినవాళ్ల మాటేమిటి? అమెరికాలో రికార్డు సంగీతం ఆదాయం 1999లో 1,460 కోట్ల డాలర్లు. పదిహేనేళ్లకి అది సగం కన్నా కిందికి పడిపోయింది. ఫైళ్లు పంచుకోవడం వల్ల అమ్మకాలు తగ్గాయన్నదానికి ఆధారం దాదాపు లేదని ఇద్దరు ఆర్థికవేత్తలు 2007లో ఒక పరిశోధన ప్రచురించారు, అది తప్పని మరికొందరు విరుచుకుపడ్డారు. నేను రెండోవాళ్ల వైపే. విజయవాడలో, గుంటూరులో క్యాసెట్ షాపులు ఒకటొకటిగా సెల్ రీచార్జి షాపులుగా మారిపోవడం కళ్లతో చూశాక, ప్రభావం లేదంటే ఒప్పుకోవడం కష్టం.

అయితే ఆ షాపులు కళకళలాడుతున్న రోజుల్లో పాట రాసినాయనకి ఎంత ముట్టింది? మన సినిమాల్లో కవి, స్వరకర్త తమ హక్కులన్నీ నిర్మాతకి రాసిచ్చేసి, ఒక మొత్తం పుచ్చుకుని వెళ్లిపోవడమే ఆనవాయితీ. క్యాసెట్ లక్ష అమ్ముడైనా, పది లక్షలు అమ్ముడైనా వాళ్లకి తేడా లేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాకే, సినిమా హాల్లో ప్రదర్శన పోను మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో రచయితకి, స్వరకర్తకి సమాన వాటా ఖాయమైంది. వారసులకో, కాపీరైట్ సంఘానికో తప్ప ఆ హక్కుని ఇంకెవరికీ రాసిచ్చేయడానికి కూడా వీల్లేదని చట్టంలో పెట్టారు. రాజ్యసభలో హిందీ సినీ కవి జావేద్ అఖ్తర్ దీనికోసం గట్టిగా పట్టుబట్టారు. కాబట్టి బ్లూటూత్‌లో పాట పంపుకున్న కుర్రాణ్ణి పట్టుకుని "కవి నోటి దగ్గర కూడు లాగేశావు" అని ఆడియో కంపెనీలు అన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. కుర్రాడు చేసింది మంచిపనని అనను. కానీ ఆ కూడు ఎప్పుడో వేరేవాళ్లు లాగేసుకున్నారు.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక కథ మారింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల్లో 2014లో ఒక జీబీ డేటా దాదాపు 270 రూపాయలు, 2018కల్లా పన్నెండు రూపాయల లోపు. చిప్పు షాపులు ఎత్తేశారు. పాటల యాప్‌లు వరసగా దిగాయి, 2018లో జియోసావన్, 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై, మార్చిలో యూట్యూబ్ మ్యూజిక్. ఇక పాట దాచుకోవాల్సిన పని లేదు, కావాల్సినప్పుడు కావాల్సిన పాట. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లని నిషేధించినప్పుడు అందరూ టిక్‌టాక్ గురించే మాట్లాడారు. అదే జాబితాలో షేర్ఇట్, జెండర్ కూడా ఉన్నాయి. డేటా ఖర్చు లేకుండా ఫోన్ నుంచి ఫోన్‌కి పాటలు పంపుకోవడానికి పల్లెల్లో వాడింది ఆ రెండే. వాటికోసం ఎవరూ పెద్దగా ఏడవలేదు, అప్పటికే అందరూ లింకులకి అలవాటుపడిపోయారు.

ఇక్కడే నాకు పేచీ. వినడం ఇంత సులువు ఎప్పుడూ కాలేదు, ఇవ్వడం ఇంత కష్టం ఈ మధ్యకాలంలో ఎప్పుడూ కాలేదు. నేను వాడే యాప్‌లోంచి మా అమ్మకి పాట పంపితే ఆవిడకి వెళ్లేది పాట కాదు, ఒక లింకు. దాన్ని నొక్కితే యాప్ దించుకోమంటుంది, దించుకుంటే నంబరు అడుగుతుంది, ఓటీపీ అడుగుతుంది, చివరికి రెండు ప్రకటనలు వినిపించి వేరే పాట మొదలుపెడుతుంది. ఆవిడ ఫోన్ చేసి "నువ్వు పంపింది ఇదేనా?" అంటుంది. యాప్ కూడా నిలకడగా ఉంటుందా అంటే అదీ లేదు. గానా అనే పాటల యాప్ 2022లో చందా కట్టినవాళ్లకే పరిమితమైంది. 2014లో మొదలైన వింక్‌ని ఎయిర్‌టెల్ 2024లో మూసేయాలని నిర్ణయించింది. క్యాసెట్ నలిగినా బీరువాలో ఉంటుంది. మూతపడిన యాప్‌లో ఎవరికోసమో ఏరికోరి కట్టుకున్న లిస్టు ఎక్కడుంటుంది?

జనం ఊరుకోలేదనుకోండి. 2017లో వాట్సాప్ స్టేటస్ రాగానే పాటని ముప్పై సెకన్లకి కత్తిరించి, వెనకాల వాన పడుతున్న బొమ్మ, కింద అక్షరాలు పెట్టి పంచడం మొదలుపెట్టారు. చరణం మొత్తం పోయినా పర్వాలేదు, చెప్పాల్సినవాళ్లకి చెప్పాల్సిన రెండు లైన్లు చేరితే చాలు. ఆ స్టేటస్ నిజానికి ఒక్కరి కోసం పెట్టి, అనుమానం రాకుండా మూడొందలమందికి చూపించేవాళ్లు నాకు తెలుసు. పాత తరం ఇప్పటికీ ఎంపీత్రీ ఫైలునే గ్రూపులో పడేస్తుంది. నాలుగైదు ఎంబీల ఫైలు, నొక్కగానే పాడుతుంది, ఏ యాప్ వద్దు, ఏ పాస్‌వర్డ్ వద్దు.

చందా అంటే మనవాళ్లు కట్టరని కంపెనీలు వాపోతుంటాయి. చాలాకాలం నెలకి నూటపాతిక రూపాయల లోపే ఉన్న చందాకి, ఓటీటీలకి అంతకన్నా ఎక్కువ కట్టేవాళ్లు ఎందుకు వెనకాడారు? నా అనుమానం, ఓటీటీ పాస్‌వర్డ్ ఇంటిల్లిపాదికీ ఇవ్వొచ్చు కాబట్టి మొదట్లో అలవాటైంది. పాటల యాప్ ఒక మనిషికి, ఒక చెవికి అమ్ముతోంది. చందాదారుడు పంపిన పాటని అవతలివాళ్లు యాప్ లేకపోయినా ఒక్కసారి పూర్తిగా వినేలా చెయ్యమనండి, నెలకి పది పాటలకైనా సరే. రాయల్టీ ఎలాగూ చందాలోంచి కడుతున్నారు, ఆ పది పాటలకీ కడతారు. కాలర్ ట్యూన్‌ అమ్మినవాడికి తట్టిన ఆలోచన వీళ్లకి తట్టకపోవడం ఆశ్చర్యమే.

ఫ్యామిలీ ప్లాన్ ఉంది కదా అంటారు. ఉంది, మేమూ తీసుకుందామనుకున్నాం. అమ్మ గుంటూరులో, నేను హైదరాబాద్‌లో, తమ్ముడు డాలస్‌లో. నిబంధనలు చదివితే కుటుంబంలోవాళ్లందరూ ఒకే అడ్రసులో ఉండాలట. తమ్ముడు "అయితే మనది ఫ్యామిలీ కాదన్నమాట" అని నవ్వి, సెలవులకి వచ్చినప్పుడు అమ్మకి కావాల్సిన పాటలన్నీ ఓ పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ వెనకాల గుచ్చి వెళ్లాడు. ఆ పెన్‌డ్రైవ్ ప్రస్తుతం మా పిన్ని వాళ్లింట్లో ఉంది. అక్కణ్ణుంచి పక్కవాటా వాళ్లు కూడా అడుగుతున్నారట.